పేర్ల పట్టీ ఇవ్వనన్నాను

ప్రొద్దుటూరులో బస్సెక్కిన మా మేనకోడలు, జమ్మలమడుగులో నేనెక్కేసరికి కిటికీ పక్క సీటు మీద సంచీ పెట్టి నాకోసం ఆపి ఉంచింది. 2025 జూన్ మొదట్లో, పులివెందులలో చుట్టాలింట నామకరణం. ఇద్దరం ఒకే బస్సుకు పోదామని ముందురోజే అనుకున్నాం. నేనింకా సర్దుకొని కూర్చోకముందే అడిగింది.

"మామా, పట్టీ తెచ్చినావా?"

తేలేదు.

పాప అని నేను పిలిచే ఈ మేనకోడలు బెంగళూరు కంపెనీకి ఇంటినుంచే పని చేస్తుంది. రెండేళ్లుగా ప్రొద్దుటూరులో కాపురం. ఆఫీసులో తోటివాళ్లు కొత్తవి కొనుక్కొని పక్కన పెట్టిన ల్యాప్‌టాపులు పన్నెండు పోగుచేసింది. సొంత డబ్బుతో బ్యాటరీలు మార్పించింది. మా మోరగుడిలో తొమ్మిదో పదో చదివే పేదింటి పిల్లల పేర్లు పన్నెండు రాసియ్యమని, ఇంటికొకటి చొప్పున తానే వచ్చి ఇస్తానని నన్నడిగింది. ముప్పై ఏళ్లకు పైగా జిల్లా పరిషత్ బడుల్లో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ని. ఏ యింట్లో ఏముందో నాకు తెలుసునని ఆమె నమ్మకం. తెలుసు. అందుకే రాయలేదు.

"ఇండ్లకు ఇచ్చేదైతే పట్టీ ఇయ్యను పాపా."

బస్సు పెన్న వంతెన ఎక్కింది. ఆమె కాసేపు నా ముఖం చూసింది. పులివెందుల చేరేదాకా మా మధ్య నడిచిన వాదమే ఇది. రాసినాక ఆమెకు చదివి వినిపించాను. రెండుచోట్ల దిద్దింది.

"నువ్వు ఈ మాట అంటావని నేననుకోలేదు మామా," అని మొదలుపెట్టింది. "నేను ఎట్లా చదువుకున్నానో నీకు తెలీదా? 2012లో ఇడుపులపాయకు పోతాంటే అమ్మ ట్రంకు పెట్టెలో రెండు జతల బట్టలు, చింతకాయ తొక్కు పెట్టి పంపింది. అక్కడ నా చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చినారు. అప్పటిదాకా ఇంట్లో నాదని చెప్పుకునేదానికి ఏముండింది? మగ్గం నాయనది. కుట్టుమిషను అమ్మది. సైకిలు తమ్మునిది. నాది అనిపించుకున్న మొదటి వస్తువు అది. రాత్రి పదకొండింటికి ఒకే పాఠాన్ని నాలుగుసార్లు వెనక్కి తిప్పి విన్నా. నీ క్లాసులో ఒకసారి అర్థం కాకుంటే రెండోసారి అడిగేదానికి భయం. యంత్రం విసుక్కోదు."

"నేను విసుక్కున్నానా?"

"అరవై మందిమి ఉంటిమి మామా. విసుక్కునే తీరిక కూడా నీకు లేదు."

ఆ మాట నిజం. అయినా నేను తగ్గలేదు.

"నిన్ను ఇడుపులపాయకు తీసుకపోయింది ల్యాప్‌టాప్ కాదు. సున్నా పాయింట్ నాలుగు."

పాపకు వెంటనే అర్థమైంది. తెలియనివారికోసం చెబుతాను. పల్లెల్లో చదువుకున్న తెలివైన పిల్లలను పదో తరగతి కాగానే తీసుకొని ఆరేళ్లలో ఇంజనీర్లను చేయాలని 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం పెట్టారు. మన ట్రిపుల్ ఐటీ అదే. ఇడుపులపాయ, నూజివీడు, బాసర, మూడుచోట్లా ఒకేసారి. చిత్తూరు జిల్లా కాటూరు పల్లెలో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి తొలి ఛాన్సలర్. పిల్లకొక ల్యాప్‌టాప్, పాఠాలు క్యాంపస్ నెట్‌వర్క్‌లో, పక్కన మెంటర్లు. కానీ ఆ గేటు దాటించింది ఒక చిన్న నిబంధన. హాస్టల్ లేని సర్కారు బడిలో చదివిన పిల్లకు పదో తరగతి గ్రేడు పాయింట్లకు అప్పట్లో 0.4 కలిపేవారు.

"నీకు 9.3 వచ్చింది," అన్నా. "ప్రొద్దుటూరులో ఫీజు కట్టి చదివిన పిల్లకు 9.5. 0.4 కలిపినాక నీది 9.7. మన బడిలో సైన్సు సారు సగం సంవత్సరం లేడు. ప్రయోగాల గదిలో బీకర్లు లేవు. ఇంటికి పోతే నువ్వు కండెలు చుట్టాల. ఇదంతా లెక్కలోకి తీసుకొని ఎవరో పుణ్యాత్ములు ఒక అంకె వేసినారు. ఆ అంకె తర్వాత మంచం, మూడు పూటల తిండి, రాత్రంతా కరెంటు, నీలాంటి పిల్లలే వేలమంది తోడు. ల్యాప్‌టాప్ వచ్చింది అందరికన్నా చివర."

"చివర వచ్చినా అది లేకుంటే మిగతాదంతా ఉత్త హాస్టలే గదా? వేంపల్లె పక్కన కొండల్లోకి అంతమంది పెద్ద ప్రొఫెసర్లను ఎట్లా తెస్తావు? వాళ్లు రారు. వాళ్ల పాఠం వస్తాది. పాఠానికి ఊరు లేదు, కులం లేదు, ఆడా మగా లేదు."

"పాఠానికి లేవు. ఇంటికి ఉండాయి."

ముద్దనూరు వచ్చేదాకా నేనే మాట్లాడాను. 2022 డిసెంబరు 21న ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచింది. 4,59,564 మంది విద్యార్థులకు, 59,176 మంది టీచర్లకు. బైజూస్ పాఠాలు ముందే 64 జీబీ కార్డులో ఎక్కించి ఇచ్చారు, నెట్ లేకున్నా నడిచేటట్టు. ఆ ఆలోచన మంచిదే. సిగ్నల్ సరిగా అందని పల్లెకు అదే దారి. మా వీధికి ఏడు ట్యాబులు వచ్చాయి. రిటైరైనవాణ్ని, సాయంత్రం నడకకు పోతూ ఒక్కో యింటి అరుగు మీద కూర్చునేవాణ్ని. ఏడింటి సంగతీ నాకు తెలుసు.

ఒకటి బీరువాలో పాత పట్టుచీరలో చుట్టి ఉంది. పగిలితే ఎవరు కట్టాలని ఆ తల్లి భయం. చూపించమంటే పసిబిడ్డను విప్పినట్టు చీర మడతలు విప్పి, చూపించి, మళ్లీ చుట్టింది. రెండిటికి అన్నలు తాళం తీయించి సినిమాలు ఎక్కించుకున్నారు. ఒకటి నెలకే కిందపడి గీతలు పడింది. రెండు బడికి పోయి వస్తుండేవి, సార్లు తెమ్మన్న రోజు. ఏడోదాన్ని మాత్రం ఒక పాప రోజూ వాడింది. ఆ పాప తండ్రి బీకాం చదివి బ్యాంకు పరీక్షలు రాసి రాసి మానుకున్న మనిషి. రాత్రి అన్నం తిన్నాక పక్కన కూర్చొని "ఇది మళ్లీ పెట్టు, నాకూ అర్థం కాలేదు" అనేవాడు.

"ఏడూ ఒకే కంపెనీవి. ఒకే పాఠాలు. పని చేసింది ఏ యింట్లోనో చూడు," అన్నా.

"ఒకరికన్నా పని చేసింది గదా మామా. అసలు ఇయ్యకుంటే ఆ ఒక్కరూ లేరు."

"ఆ ఒక్క పాప ట్యాబు లేకున్నా చదువుతాది. వాళ్ల నాయన ఉండాడు. బీరువాలో ఉన్నది ఎవరికోసం ఇచ్చినారో ఆ పిల్లకు అందలేదు. నా బాధ అది."

ఇంకొకటి కూడా చెప్పాను. తోడు లేకపోవడం ఒక్కటే కాదు, పైనుంచి వచ్చింది పైకే పోతుంది. 1975 ఆగస్టులో అమెరికావాళ్ల ఉపగ్రహం అడిగి తెచ్చుకొని, ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ పాఠాలు చూపించారు. అందులో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఏడాది తిరిగేసరికి, 1976 జూలై ఆఖరుకు ప్రయోగం అయిపోయింది, అమెరికావాళ్లు ఉపగ్రహాన్ని వెనక్కి జరిపేశారు. బైజూస్‌తో మన ప్రభుత్వం ఒప్పందం చేసుకున్నది 2022 జూన్‌లో. 2024 జూలైలో ఆ కంపెనీ దివాలా ప్రక్రియలోకి పోయింది. ప్రభుత్వం మారింది, ట్యాబుల పంపిణీ ఆగింది. ఎనిమిదో తరగతి మాత్రం ప్రతి జూన్‌లోనూ వస్తుంది.

దూరంగా థర్మల్ ప్లాంటు గొట్టాలు కనబడుతున్నాయి. పాప వాటివైపు చూస్తూ కాస్త మెత్తగా అడిగింది.

"కరోనా అప్పుడు ఏమైందో మర్చిపోయినావా మామా?"

మరవలేదు. 2020 మార్చిలో బడులు మూశారు. దూరదర్శన్ సప్తగిరిలో పదో తరగతికి పాఠాలు వేశారు. టీవీ ఉన్న ఇండ్లలో అది కొంత ఆదుకుంది. ఆన్‌లైన్ క్లాసన్నది మాత్రం మా పిల్లల్లో చాలామందికి వినికిడి మాటే. దేశంలో పల్లెటూరి ఇండ్లు నూరింటిని తీసుకుంటే ఇంటర్నెట్ ఉన్నవి పదిహేను, కంప్యూటరు ఉన్నవి నాలుగో అయిదో అని 2017-18 జాతీయ నమూనా సర్వే చెప్పింది. మా వీధిలో ఫోను ఉంటే తండ్రి దగ్గర ఉంటుంది. తండ్రి పొద్దున ఏడింటికి బండల క్వారీకి పోతే ఫోనూ పోతుంది. రాత్రికి వచ్చినాక మొదటి వంతు అన్నది. చెల్లెలికి వచ్చేసరికి చార్జింగు ఉండదు. ఉన్నా, ఆడపిల్లకు రాత్రిపూట ఫోనెందుకన్న ప్రశ్న ఉంటుంది.

"అందుకే గదా ఇండ్లకు ఇయ్యాలనేది!" అంది.

"అందుకే ఇండ్లకు ఇయ్యొద్దనేది," అన్నా. "ఇంట్లోకి పోయింది ఇంటి లెక్కలో కలిసిపోతాది. అన్న ముందు, చెల్లెలు వెనక. అప్పు తీర్చేదానికి అమ్మ ముక్కుపుడకే ప్రొద్దుటూరు అంగట్లోకి పోతే, ల్యాప్‌టాప్ పోదా?"

ఆమె మాట్లాడలేదు. గెలిచానని నేననుకోలేదు, ఆమె మౌనంలో కోపముంది.  తన నీళ్ల సీసా నాకిచ్చి, తాగినాక తీసుకొని, అప్పుడు అడిగింది.

"2017లో నువ్వు చెప్పిన పిల్లోని కథ ఏమైంది మరి?"

ఆ పిల్లవాడి సంగతి నేనే ఆమెకు చెప్పి ఏడ్చాను. ఆ ఏడు మన రాష్ట్రంలో ఎంసెట్ మొదటిసారి కంప్యూటరు మీద పెట్టారు. నూట అరవై ప్రశ్నలు, మూడు గంటలు. ఆ పిల్లవాడు లెక్కల్లో మా బడి తయారుచేసిన మంచి బుర్రల్లో ఒకడు. ప్రొద్దుటూరు సెంటరు. ప్రశ్న చదివాడు, కాగితం మీద లెక్క చేశాడు, జవాబు పక్కన నొక్కాడు, కుడిపక్క అంకెల పట్టీలో తర్వాతి ప్రశ్న అంకె నొక్కాడు. అట్లా గంటసేపు. అప్పుడు చూసుకుంటే అంకెలన్నీ ఎర్రగా ఉన్నాయి. జవాబు ఇచ్చినవి పచ్చగా మారాలి. కింద 'సేవ్ అండ్ నెక్స్ట్' అని ఒక బొత్తాం ఉంది, అది నొక్కితేనే జవాబు నిలుస్తుంది. మళ్లీ మొదటినుంచి. చేతులు వణికి, అన్నీ తిరిగి పెట్టేసరికి రెండో గంట సగం గడిచింది. భౌతికశాస్త్రంలో చాలా ప్రశ్నలు ముట్టుకోలేదు. బయటికి వచ్చి గేటు దగ్గర నాతో అన్నాడు: "సార్, లెక్కలు వచ్చినాయి. బొత్తాం రాలేదు."

"అదే పొద్దు అదే హాల్లో ఉన్న ప్రొద్దుటూరు పిల్లలు ఆ బొత్తాన్ని అప్పటికి యాభైసార్లు నొక్కింటారు," అంది పాప. "వాళ్ల కాలేజీలో వారంవారం మాక్ టెస్టు. జేఈఈ మెయిన్ కూడా 2019 నుంచి మొత్తం కంప్యూటరు మీదే. ఈ నెల జరుగుతాండే డీఎస్సీ కూడా అంతే. టీచరు ఉద్యోగానికే మౌస్ పట్టుకోవాల. యంత్రం వద్దని మనం అనుకున్నంత మాత్రాన అది వాకిట్లోంచి పోదు మామా. లెక్కలు నేర్పేదానికి పదేండ్లు పట్టింది, నువ్వు నేర్పినావు. బొత్తాం నేర్పేదానికి ఒక గంట చాలు. ఆ గంట వానికి ఎవరూ ఇయ్యలేదు."

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఆ గంట నేనే ఇచ్చి ఉండాల్సింది. బడిలో కంప్యూటరు గది ఉండేది. దానికి తాళం ఉండేది.

తర్వాత ఆమె చెప్పింది నన్ను ఇంకా లోతుగా తాకింది. బస్సు చీనీ తోటల మధ్యకు వచ్చింది. ఆమె గొంతు తగ్గించింది.

"మొదటి సెమిస్టరులో కంప్యూటరు ఎట్లా పుట్టిందో చెప్పే పాఠం మామా. తెర మీద ఒక బొమ్మ వచ్చింది. చిల్లుల అట్టలు, ఒకదానికొకటి తాడుతో కుట్టి, గొలుసుమాదిరి వేలాడతాండాయి. ఫ్రాన్సులో లియాన్ అని పట్టు నేసే ఊరు. అక్కడ జకార్డు అనే ఆయన 1804లో చేసినాడంట. అట్టలో చిల్లు ఉన్నచోట పోగు లేస్తాది, లేనిచోట లేవదు. చీర మీద పువ్వు ఎక్కడ రావాలో అట్ట చెప్తాది. ఆ చిల్లుల మాదిరే అమెరికాలో హోలెరిత్ 1890 జనాభా లెక్కలను కార్డుల మీద చేసినాడు. ఆ కార్డులనుంచే కంప్యూటరు దాకా వచ్చినారు. చిల్లు ఉంటే ఒకటి, లేకుంటే సున్నా. నాకు ఒళ్లు జలదరించింది. ఆ అట్టలు మా నాయన మగ్గం మీద ఉండాయి! నేను చిన్నప్పుడు తెగిన దారాలు కుట్టినా వాటికి. కంప్యూటరు తాత మా యింట్లోనే ఉండినాడు, నేను పుట్టకముందునుంచీ. నువ్వు ఆ మగ్గం పక్కన పీట వేసుకొని మూడేండ్లు నాకు లెక్కలు చెప్పినావు. ఒక్కనాడన్నా ఆ అట్టను చూపించి ఇదీ లెక్కేనని చెప్పినావా?"

"నాకు తెలీదు పాపా."

నిజంగా తెలియదు. మా బావ మగ్గం ముందు కూర్చొని ద్విసంఖ్యామానాన్ని పుస్తకంలోంచి చెప్పినవాణ్ని. తలెత్తితే పైన ఉన్నాయి. ఎక్కడో దూరాన కూర్చొని ఎవరో చెప్పిన పాఠం, తెర మీద వచ్చి, మా యింటి వస్తువును మా పిల్లకు చూపించింది. ఆ పని నేను చేయలేకపోయాను. ఈ వాదంలో ఆమెది పైచేయి అయిన చోటు ఇదే. దాన్ని తగ్గించి రాయను.

కొంచెం దూరం పోయాక అడిగాను. "బొమ్మ చూసినాక ఏం చేసినావు?"

"మా మెంటరుతో చెప్పినా. ఆయన అందరి ముందూ నన్ను బోర్డు దగ్గరికి పిలిచి, మగ్గం బొమ్మ గీసి ఎట్లా పని చేస్తాదో చెప్పమన్నాడు. అప్పటిదాకా నేను నేతోళ్ల బిడ్డనని ఎవరికీ చెప్పుకోలేదు."

"బొమ్మ చూపించింది తెర. బోర్డు దగ్గరికి పిలిచింది మనిషి," అన్నా. ఆమె ఈసారి కాదనలేదు.

ఆమెకు చదివే అలవాటుంది, ఉద్యోగమే అటువంటిది. తన వాదానికి అడ్డం వచ్చే సంగతిని కూడా దాచదు. పెరూ దేశంలో పిల్లకొక ల్యాప్‌టాప్ పథకం పెట్టారట. 319 పల్లెటూరి బడుల్లో కొలిచి చూసి, 2012లో అచ్చువేశారు: లెక్కల్లోనూ చదవడంలోనూ తేడా రాలేదు. పిల్లలు కంప్యూటరు వాడటం నేర్చుకున్నారు. ఢిల్లీలో 2015లో ఇంకో పరీక్ష జరిగింది. బడి అయిపోయాక పిల్లలు ఒక సెంటరుకు వస్తారు. నలభై అయిదు నిమిషాలు కంప్యూటరు, నలభై అయిదు నిమిషాలు పన్నెండు పదిహేను మంది గుంపుకు ఒక సహాయకుడు. కంప్యూటరు ముందు ఆ పిల్లకు ఏమొచ్చో కనుక్కొని అక్కడినుంచి ప్రశ్నలు ఇస్తుంది. ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారని అక్కడే బయటపడింది. నాలుగున్నర నెలల్లో లెక్కల్లో బాగా పెరిగారు. మామూలుగా పెరిగేదానితో పోలిస్తే, అందరికన్నా వెనకున్న పిల్లలకు ఎక్కువ మేలు.

"చూడు మామా, యంత్రం చేసే పని ఒకటుండాది, అది నీతో కాదు," అంది. "అరవై మందిలో ఎవరు ఏ తరగతి లెక్క దగ్గర ఆగిపోయినారో రోజూ కనుక్కొని, ఒక్కొక్కరికి వేరే ప్రశ్న ఇయ్యడం. నువ్వు దేవుడివైనా చేయలేవు."

"చేయలేను. కానీ అక్కడ కూడా సగం సేపు మనిషి ఉండాడు గదా. ఆ మనిషిని ఎవరిస్తారు? 2018 డీఎస్సీ తర్వాత మళ్లీ డీఎస్సీ పరీక్ష జరుగుతాండేది ఇప్పుడు, 2025లో. పోస్టులు 16,347. ఈ ఏడేండ్ల మధ్యలో బడికి ట్యాబు వచ్చింది, గోడకు పెద్ద తెర వచ్చింది, టీచరు ఫోనులోకి యాపులు వచ్చినాయి. టీచరు రాలేదు. నా ఆఖరి సంవత్సరంలో నేనేం చేసినానో తెలుసా? పొద్దున్నే మరుగుదొడ్డి ఫొటో తీసి ఒక యాప్‌లో పెట్టాల. సిగ్నల్ లేక ఫొటో పోదు. గోడ ఎక్కి ఫోను పైకెత్తి నిలబడతాంటి. కిటికీలోంచి నా పదో తరగతి నన్నే చూస్తాంటింది, నల్లబల్ల మీద సగం రాసిన లెక్కతో."

దీనికి ఆమె ఏమీ అనలేదు. పులివెందుల ఇంకా పది నిమిషాలుంది. నేను అనుకున్నది అప్పుడు చెప్పాను.

బావ ఇంట్లో రెండు మగ్గాలుండేవి. ఆయన అన్న పోయినాక రెండోది విప్పేశారు. గుంట పూడ్చి పైన బండలు పరిచారు. ఆ గది ఊరికే ఉంది. పన్నెండు ల్యాప్‌టాపులు ఒక్కోటి అరవై వాట్లు అనుకున్నా ఏడు వందల ఇరవై, ఇంటి మీటరు మోస్తుంది. పిల్లలే అక్కడికి రావాలి. సాయంత్రం అయిదునుంచి ఏడు దాకా నేను కూర్చుంటాను.

"గదులకు తాళాలు పడతాయి మామా," అని ఆమె వెంటనే అంది. "మీ బడి గదికి పడలా? వస్తువు పాడైతే ఎవరు జవాబు చెప్పాలని పెద్దోళ్లే తాళం వేస్తారు. నీ వీధిలో తల్లి చీరలో చుడితే తప్పంటావు, హెడ్మాస్టరు బీరువాలో పెడితే ఏమంటావు?"

"తాళంచెవి నా దగ్గర ఉండదు. మీ అమ్మ దగ్గర ఉంటాది. పగిలితే పగులుతాది."

"ఆడపిల్లలను ఏడింటిదాకా పంపుతారా?"

"మీ అమ్మ ఉండే ఇల్లు. పంపుతారు."

"అందరూ పంపరు." ఆమె వేలెత్తి ఇద్దరు పిల్లల పేర్లు చెప్పింది. ఇక్కడ రాయను. ఒకరికి తల్లి కువైట్‌లో ఉంది, ఇంట్లో ముసలి అవ్వను చూసుకోవాలి. ఇంకొకరిని తండ్రి చీకటి పడితే గడప దాటనీయడు. "వీళ్లు నీ గదికి రాలేరు. గది వాళ్ల దగ్గరికి పోవాల. ఇండ్లకు ఇయ్యొద్దని నియమం పెట్టుకుంటే, ఎవరికి అందరికన్నా అవసరమో వాళ్లనే వదిలేస్తావు. అదీ ఒక బీరువానే."

ఆమె అడిగినది న్యాయం. జేబులోంచి బస్సు టికెట్టు తీసి దాని వెనక ఆ రెండు పేర్లు రాసి ఇచ్చాను. ఆ రెండిండ్లకు ఆమె ఆదివారాలు పోయి ఒక గంట కూర్చోవాలని షరతు పెట్టాను. ఒప్పుకుంది. పట్టీ అంతే, రెండు పేర్లు.

జూన్ 12న బడులు తెరిచారు. ఆ సాయంత్రమే మగ్గం గదిలో పది యంత్రాలు పెట్టాం. నెట్ అవసరం లేకుండా పాఠ్యపుస్తకాలు, తెలుగు వికీపీడియా, లెక్కల అభ్యాసాలు పాప ముందే ఎక్కించింది. ఎంసెట్ తెరలాంటిది ఒకటి తానే తయారుచేసింది, కింద ఆ బొత్తాంతో సహా. మొదటిరోజు తొమ్మిది మంది వచ్చారు, ఏడుగురు ఆడపిల్లలు. మా బావ పక్కగదిలో మగ్గం ఆపి, జకార్డు అట్ట ఒకటి విప్పి తెచ్చి, చిల్లుల మీద వేలు పెట్టి చూపించాడు.

లెక్కలకు నేనున్నాను. ఇంగ్లీషుకు, సైన్సుకు మనిషి లేరు. జమ్మలమడుగు చుట్టుపక్కల ఉండి, ఇవి చెప్పగలిగి, సాయంత్రం అయిదింటికి ఇంట్లో ఖాళీగా ఉండేవారుంటే మోరగుడికి రండి. ప్రొద్దుటూరులోనో పులివెందులలోనో ఉన్నవారు మూలనున్న ల్యాప్‌టాప్ ఇస్తామంటే సంతోషమే. దాంతోపాటు వారానికి రెండు గంటలు మీరూ రాగలరా అని మాత్రం అడుగుతాను.